బొంతకు ప్రాజెక్టు రిపోర్టు

బొంత అమ్మడం కష్టం. కొనడానికి వచ్చే ప్రతివాళ్ళకీ ఓ అమ్మమ్మ ఉంటుంది. ఆ అమ్మమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కాళ్ళు చాపుక్కూచుని, చత్వారం కళ్ళద్దాలు ముక్కు చివరికి దించుకుని, పాత చీరలు నాలుగు పొరలేసి ఊరికే కుట్టిచ్చి ఉంటుంది. ఆవిడ పోయి పాతికేళ్ళయినా సరే, నా బొంత ధర వినపడగానే లేచొచ్చి మా ఇద్దరి మధ్యా కూచుంటుంది. ఆవిడతో పోటీపడి ఏం వ్యాపారం చేస్తాం? ఆవిడ రేటు సున్నా. పైగా బొంతతో పాటు జంతికలు కూడా ఇచ్చేది.

ఈ లెక్కలేవీ తెలియని దాన్నయితే నన్ను నేను క్షమించుకునేదాన్ని. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో సగం కృష్ణాజిల్లా పల్లె బ్రాంచీల్లో గడిచింది. పని డ్వాక్రా గ్రూపులకి అప్పులివ్వడం. డ్వాక్రా పథకం 1982లో మొదలై, 1999లో స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసిపోయింది. కాగితాల మీంచి పేరు పోయింది గానీ నోళ్ళలోంచి పోలేదు. ఇవాళ్టికీ పొదుపు సంఘమంటే మనకి డ్వాక్రా గ్రూపే. అంత నోరు తిరగని పేరు పెట్టినవాళ్ళు ఆ సంగతి ముందే ఊహించాల్సింది.

ఆ గ్రూపులవాళ్ళు అప్పుకొచ్చినప్పుడల్లా మూడు ప్రశ్నలు వేసేదాన్ని. ఎవరు కొంటారు? ఎంతకి కొంటారు? కొన్నవాళ్ళు మళ్ళీ వస్తారా? పచ్చళ్ళు పెడతామన్నవాళ్ళకీ ఇవే, కొవ్వొత్తులు పోస్తామన్నవాళ్ళకీ ఇవే, ఫినాయిలు కలుపుతామన్నవాళ్ళకీ ఇవే. జవాబు తడబడితే కాగితాలు వెనక్కి. ఊరికే పంపేస్తే బాగుండదని చిన్న ఉపన్యాసం కూడా: "మీకు చేతనయింది చేసుకుంటూ కూచుంటే కాదమ్మా, జనానికి కావలసింది చెయ్యాలి. ముందు మార్కెట్టు చూసుకోవాలి." మార్కెట్టు అనేటప్పుడు చూపుడువేలు ఆడించేదాన్నట. ఆ ఉపన్యాసం విన్నవాళ్ళే తర్వాతెప్పుడో చెప్పారు.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఇప్పుడు నేను కుట్టుమిషన్ ముందు పడ్డాను.

కుట్టడం చేతనవును, డబ్బుకి తొందర లేదు, పొద్దు పోవాలి. వీటిల్లో ఏ ఒక్కటీ వ్యాపారానికి కారణం కాదని నేనే వందలమందికి చెప్పి ఉంటాను. అసలు కారణం బీరువాలో ఉంది. పెడన బ్రాంచిలో పనిచేసిన రోజుల్లో అంటుకున్న కలంకారీ జబ్బు అది. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఎండేసిన గుడ్డ మీద టేకు దిమ్మెతో 'టప్'మని అద్దుతుంటే, ఆ చప్పుడు వినపడిన వీధిలోంచి చేతులూపుకుంటూ రావడం నా వల్ల కాలేదు. ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టి తీసిన నలుపు, మంజిష్ఠ ఎరుపు, వాటి మధ్య ఓ నెమలి. రెండు మీటర్లు కొంటే దేనికీ చాలదు కదా అని నాలుగు. నాలుగు మీటర్లు దేనికి కొన్నావని మావారు అడిగితే, "కుట్టి అమ్ముతా" అన్నాను. అలా అబద్ధంగా మొదలైన వ్యాపారం నాది. ఆ తర్వాత ఏ వస్తువు కుట్టాలని నిర్ణయించినా, దాని వెనక కొనేవాళ్ళ అవసరం లేదు, బీరువా తలుపు మూసుకోవాల్సిన అవసరం ఉంది.

మొదటి ఎంపిక బొంతే. ఎందుకంటే అది నాకిష్టం. మార్కెట్టు పరిశీలన అక్కడితో పూర్తయింది.

బొంత లెక్క తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆరుగజాల చీర అయిదున్నర మీటర్లుంటుంది. మధ్యకి కత్తిరించి, రెండు ముక్కల అంచులూ కలిపి కుడితే 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు వస్తుంది. డబుల్‌కాట్‌కి సరిపోయే పొర. అలాంటివి నాలుగు. పైకీ కిందకీ గట్టి నేత చీరలు, లోపలికి చిరుగులు పడ్డవి. హాల్లో సోఫాలు గోడకి జరిపి, నేల మీద పరిచి, ముడతల్లేకుండా మధ్యలోంచి అంచులకి అరచేత్తో నెట్టుకుంటూ పోవాలి. మూలలు కదలకుండా ఓ పక్క రుబ్బురోలు పొత్రం, ఓ పక్క ఇత్తడి బిందె, ఇంకో పక్క డంబెల్, నాలుగో మూలన మావారు. పొరలు కదలకుండా పొడుగు టాకాలు వేసేదాకా ఆయన పేపరు చదువుకుంటూ అక్కడే కూచోవాలి. లేస్తే బొంత వంకర.

ఆ తర్వాత కచ్చాకుట్టు. మిషన్ మీద కుడదామని చూశాను. సూది 16 నంబరు వేసినా పై పొర ముందుకీ కింద పొర వెనక్కీ పోయి, మధ్యలో ముడతలు తేలాయి. అందుకని చేత్తోనే. అంగుళానికో వరస చొప్పున 90 వరసలు, ఒక్కో వరస తొమ్మిదడుగులు, మొత్తం 810 అడుగుల కుట్టు. మావారు లెక్కల మాస్టారు. రిటైరయ్యాక లెక్కలు చెప్పించుకునేవాళ్ళు లేక నా మీద పడ్డారు. 810 అడుగులంటే సుమారు 247 మీటర్లట. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్ల పైచిలుకు గనక, నేను అయిదు బొంతలు కుడితే కృష్ణ దాటి సీతానగరంలో తేలతానట. "అక్కడ బేరం బావుంటుందేమో చూడు" అన్నారు.

ఇక్కడ బేరం ఇలా జరిగింది. మా అపార్టుమెంటులో మూడో అంతస్తు అమ్మాయి బొంత చూసి మురిసిపోయింది. చెంపకి ఆనించుకుంది. "ఎంత పిన్నిగారూ?" అంది.

"రెండు వేలమ్మా."

చెంప మీంచి బొంత దిగింది. "పాత చీరలేగా పిన్నిగారూ?"

"పాత చీరలైతే మెత్తగా ఉంటుందని..."

"మా అమ్మమ్మ ఇలాంటివి నలుగురు మనవరాళ్ళకీ ఊరికే కుట్టిచ్చింది." వచ్చేసింది, అమ్మమ్మ. "అయినా నాలుగు పాత చీరలేస్తే స్టీలు సామాన్లవాడు ఓ బేసిన్ కూడా ఇవ్వడం లేదు పిన్నిగారూ ఈమధ్య."

అంత పక్కాగా ముడిసరుకు ధర కట్టిన మనిషిని నా సర్వీసులో చూడలేదు. ఆ అమ్మాయి గనక అప్పుకొస్తే కళ్ళు మూసుకుని ఇచ్చేదాన్ని. చివరికి 1,200కి ఒప్పుకుని, పసివాడికి పక్కగుడ్డలు కూడా ఓ నాలుగు కుట్టిస్తానన్నాను. మావారు మళ్ళీ లెక్క వేశారు. సుమారు వంద గంటల పని, గంటకి 12 రూపాయలు, ఎనిమిది గంటల రోజుకి 96. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధిహామీ కూలి రోజుకి 300 రూపాయలు. "చెరువులో మట్టి తవ్వడం తేలికంటావా?" అని ఆయన నిజంగానే అడిగారు. దారం ఖర్చు ఆయన కలపలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

దాంతో నాకో సూత్రం దొరికింది. అమ్మమ్మ కుట్టిన వస్తువు అమ్మకూడదు.

సూత్రం తెలిశాక కూడా రెండోసారి నేను ఎంచుకున్నది మసిగుడ్డ. ఈ ఎంపికని ఏ బ్యాంకు ముందూ సమర్థించుకోలేను. మనిళ్ళలో చీర ముందు దుప్పటవుతుంది, దుప్పటి దిండు గలీబవుతుంది, గలీబు మసిగుడ్డవుతుంది, మసిగుడ్డ గచ్చు తుడవడానికి పోతుంది. ఈ యాత్రలో ఎక్కడా పైసా ఖర్చుండదు. అలాంటి దేశంలో నేను కలంకారీ గుడ్డ లోపల మందపాటి దుప్పటి ముక్క పెట్టి, చుట్టూ పైపింగు వేసి, మూలకి తగిలించుకునే కొక్కెం కూడా కుట్టి, జత 150కి పెట్టాను. అవి చిన్న ముక్కలు. బీరువాలో చిన్న ముక్కలు చాలా ఉన్నాయి. తర్కం అంతే. మా ఆడపడుచు మొహమాటానికి ఓ జత కొంది. మొన్న వాళ్ళింటికెళ్తే ఆ రెండూ హాల్లో గోడకి వేలాడుతున్నాయి, మధ్యలో వెంకటేశ్వరస్వామి పటం. వంటింట్లో ఆవిడ పాత బనీను ముక్కతో అన్నం గిన్నె దించుతోంది. "అంత మంచివాటికి మసి చేస్తామా వదినా!" అంది.

చేతిసంచుల సంగతి కొంచెం మర్యాదగా మొదలైంది. ప్లాస్టిక్ క్యారీబ్యాగుల మందం 120 మైక్రాన్లకి తగ్గకూడదని 2022 డిసెంబరు 31 నుంచి నిబంధన వచ్చింది. ఇక జనమంతా గుడ్డసంచి కోసం నా ఇంటి ముందు వరస కడతారనుకున్నాను. సర్క్యులర్ చదివి ప్రపంచం మారిపోతుందనుకోవడం బ్యాంకు ఉద్యోగుల జబ్బు. అపార్టుమెంటు సంక్రాంతి సంబరాల్లో బల్ల వేసుకుని సంచులు పరిచాను. లైనింగు ఉంది, లోపల చిల్లర జేబు ఉంది, కింద పెట్టినా నిలబడేలా అడుగు ఉంది. ఓ పెద్దావిడ సంచిని తిరగేసి మరగేసి చూసి, "కూరగాయల్తోనా, ఒట్టిదేనా?" అని అడిగింది. ఆవిడ తప్పేముంది? ప్రతి ఇంట్లోనూ బట్టల షాపులవాళ్ళ సంచులు, పెళ్ళిళ్ళలో పంచిన సంచులు, గృహప్రవేశాల సంచులు మడతపెట్టిన ఇంకో సంచిలో ఉంటాయి. నా ఇంట్లోనూ ఉన్నాయి. ఆ రోజు నా సరుకు మోసుకెళ్ళింది కూడా వాటిల్లోనే.

మిక్సీ కవరు, ఫ్రిజ్ హ్యాండిల్ తొడుగుల గురించి ఎక్కువ చెప్పను. ఏ రెండిళ్ళలోనూ మిక్సీలు ఒక్క ఎత్తులో లేవు, కొత్త ఫ్రిజ్‌లకి అసలు హ్యాండిళ్ళే లేవు.

అప్పుడు బెంగళూరు నుంచి మా అమ్మాయి ఫోనులోనే సలహాదారుగా చేరింది. "అమ్మా, బొంతనకు. క్విల్ట్ అను. చదరాలు చదరాలుగా ముక్కలు కలిపి కుట్టు. ఇక్కడవాళ్ళు కొంటారు." అమెరికావాళ్ళ నమూనాలు కూడా పంపింది. ఇందులో ఏ అమ్మమ్మా అడ్డం రాదు, సూత్రానికి సరిపోయింది. బీరువాకీ సరిపోయింది. రెండున్నర అంగుళాల చదరాలు కత్తిరించి, చుట్టూ పావంగుళం కుట్టులోకి పోగా రెండంగుళాలు మిగలాలి. సింగిల్ కాట్ 60కి 90 అంటే వరసకి 30, వరసలు 45. మొత్తం 1,350 ముక్కలు. కత్తిరించేటప్పుడు ఆనందంగానే ఉంది. కత్తిరించడం ఎప్పుడూ ఆనందమే. కుట్టడం మొదలెట్టాక తెలిసింది, నా పావంగుళం పావంగుళం కాదు. దారమంత ఎక్కువ. అంగుళంలో పదహారో వంతు. వడ్డీలో పైసా తేడా వస్తే రాత్రి ఎనిమిదిదాకా కూచుని బయటికి లాగిన మనిషిని, కుట్టులో ఆ తేడా ఏం చేస్తుందో ఊహించలేదు. ఒక్కో చదరానికి రెండు పక్కలా కలిపి అంగుళంలో ఎనిమిదో వంతు పోయింది. ముప్ఫై చదరాలకి దగ్గర దగ్గర నాలుగంగుళాలు. ఓ వరస సరిగ్గా కుట్టి, ఇంకో వరస నా పద్ధతిలో కుట్టడంతో రెండిటికీ పొత్తు కుదరలేదు. కిందికి వెళ్ళేకొద్దీ చదరాలు ఒకదాన్నొకటి తప్పించుకుని నడిచాయి. ఫోటో పంపితే మా అమ్మాయి చాలాసేపటికి జవాబిచ్చింది: "కావాలని అలా చేశావని చెబుదాం."

పైగా అందులో దూది పొర. బెజవాడలో, బ్లేజువాడ అని ఊరికే అన్నారా, దూది దుప్పటి ఎవరు కప్పుకుంటారని మావారి అనుమానం. మనవైపు బొంత కింద పరుచుకోవడానికే గానీ కప్పుకోవడానికి కాదు. కానీ ఇక్కడ నా మార్కెట్టు జ్ఞానం జీవితంలో ఒక్కసారి పనిచేసింది. ఈ ఊళ్ళో దుప్పట్ల సీజను డిసెంబరు కాదు, మే. బయట నలభై దాటగానే లోపల ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని నిండా కప్పుకుని పడుకుంటారు. ఈ రహస్యం కనిపెట్టి, వేసవికి ముందే సరుకు సిద్ధం చెయ్యాలని మార్చిలో కూచున్నాను. ఒళ్ళో దూది దుప్పటి వేసుకుని కుడుతూ ఉంటే కరెంటు పోయింది. మే నెల మార్కెట్టుకి సరుకు మే నెలలో కాకపోయినా మార్చి ఎండలోనే కుట్టాలన్న సంగతి ప్రాజెక్టు రిపోర్టులో రాసుకోలేదు. ఆ దుప్పటి జూలైలో పూర్తయింది.

ఇన్నిట్లోనూ ఒక్కటి మాత్రం ఎవరూ బేరమాడకుండా తీసుకెళ్ళారు. మా వీధి చివరావిడ చనిపోయిన వాళ్ళమ్మ చీరలు మూటగట్టి తెచ్చి, బొంత కుట్టమంది. మూటలో ఓ వెంకటగిరి, నిజాం అంచు మంగళగిరి, వాడి వాడి దూదిలా అయిపోయిన ముతక నేతచీరలు రెండు. అడుగున, 70ల నాటి నైలెక్స్. ఆవిడకి ఆ నైలెక్సే కావాలి, వాళ్ళమ్మ సినిమాలకి అదే కట్టుకెళ్ళేదట. నూలు చీరలు మనుషుల్లాగే అలిసిపోయాయి గానీ నైలెక్స్ మాత్రం షాపులోంచి అప్పుడే వచ్చినట్టుంది. సూది దాని మీద జారింది. మడత నిలబడలేదు. ఇస్త్రీ పెడితే ఓ మూల ముడుచుకుని గట్టి గవ్వలా అయింది. ఆ మూల లోపలికి మడిచి కుట్టేశాను. ఈ సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది. నేను కుట్టుకూలి ఎంతంటే అంత ఇచ్చింది. పాత చీరలేగా అనలేదు. అమ్మమ్మ ప్రసక్తే రాలేదు, బొంతంతా ఆవిడే కదా.

నెల తిరక్కుండా అదే బొంతతో మళ్ళీ వచ్చింది, వెంట ఇద్దరు తోబుట్టువులతో. ముగ్గురికీ కావాలట. చీరలు ఇంకా లేవు. కాసేపు గట్టిగా వాదించుకుని, చివరికి మూడు ముక్కలు చెయ్యమన్నారు. కోర్టులో పొలం కొలిచినట్టు టేపు పట్టి ముగ్గురూ మూడువైపులా నిలబడ్డారు. నైలెక్స్ ముక్క ఎవరికి ఎంతొస్తుందో అంగుళాల్లో చూసుకున్నారు. గుండె చిక్కబట్టుకుని కత్తెరేశాను. తెగిన అంచులకి పట్టీలు కుట్టి, దానికి అడుగు లెక్కన విడిగా కూలి తీసుకున్నాను. నా వ్యాపారంలో నిఖరంగా లాభం మిగిలిన పని అదొక్కటే. అయితే ఇలాంటి బేరం కోసం పక్కింట్లో ఎవరో పోవాలని ఎదురుచూడలేం కదా. ఎవరైనా కాస్త నలతగా ఉన్నారంటే నా కళ్ళు వాళ్ళ చీర మీదికి పోతున్నాయని మావారు అన్నాక, ఆ శాఖ మూసేశాను.

ఇంతలో లీడరమ్మ వచ్చింది. పెడన పక్క పల్లెలో ఓ గ్రూపుకి లీడరు. నేను రెండుసార్లు కాగితాలు వెనక్కి పంపి, మూడోసారి ఇచ్చిన అప్పుని వాయిదా తప్పకుండా కట్టిన మనిషి. మనవరాలి ఓణీల ఫంక్షనుకి పిలవడానికి వచ్చింది. బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి, హాల్లో పేరుకున్న సరుకు వైపు చూసింది. ఓ మసిగుడ్డ తీసి, పైపింగు గోటితో గీకి, కుట్టు లాగి చూసింది.

"పని శుద్ధంగా ఉంది మేడం గారూ," అంది. నేను కుర్చీలో కాస్త నిటారుగా కూచున్నాను. "ఎవరు కొంటారండీ?"

నేను మంచినీళ్ళు తెస్తానని లేచాను.

"ఎంతకి?" అంది నేను వచ్చాక. చెప్పాను. ఆవిడ మూడో ప్రశ్న వెయ్యలేదు. దయ తలిచింది.

ఆవిడకి ఇప్పుడు అయిదు మిషన్లున్నాయట. నైటీలు కుట్టిస్తోంది. ఒకప్పుడు మామూలు నైటీలే, పోటీ ఎక్కువై అమ్మకాలు పడిపోతే ఓ చిన్న మార్పు చేసిందట. కుడిపక్క జేబు. సెల్లు పట్టేంత జేబు. "ఇంట్లో ఆడోళ్ళు రోజంతా సెల్లు చేత్తో పట్టుకునో, బొడ్డో దోపుకునో, ఎక్కడో పెట్టి మర్చిపోయో సస్తన్నారు గదండీ. జేబు పెట్టాక సంతకి తీసుకెళ్ళింది తిరిగి రావటం లేదు."

నేను నోరు తెరుచుకుని విన్నాను. జేబున్న నైటీ! ఏ అమ్మమ్మా కుట్టలేదు, ఏ అమ్మమ్మా కట్టలేదు. మూడు ప్రశ్నలకీ జవాబుంది. పైగా అది బీరువాలోంచి పుట్టిన ఆలోచన కాదు, ఎవరో ఆడమనిషి సెల్లు వెతుక్కుంటుంటే చూసి పుట్టిన ఆలోచన. నేను కూడా రోజూ వెతుక్కుంటాను. ఎప్పుడూ కుట్టుమిషన్ మీదే దొరుకుతుంది.

"జేబులు కుట్టే పిల్ల పెళ్ళై వెళ్ళిపోయిందండీ," అంది లీడరమ్మ వెళ్తూ వెళ్తూ. "మీకు పొద్దు పోవాలంటున్నారు గదా. జేబుకి అయిదు రూపాయలు. గుడ్డ నేనే పంపుతాను. మీ గుడ్డ వద్దులెండి, అది ఖరీదైంది."

పంపింది. గంటకి ఎనిమిది జేబులు కుట్టగలుగుతున్నాను. మావారి లెక్క ప్రకారం గంటకి 40 రూపాయలు, రోజుకి 320. ఉపాధిహామీ దాటేశాను. ఈ సంతోషంలో పెడన వెళ్ళి ఓ మూడు మీటర్లు తెచ్చాను, అది వేరే సంగతి.

మొదటి విడత సరుకు పట్టుకెళ్ళిన మర్నాడు లీడరమ్మ ఫోను చేసింది. గొంతులో మర్యాద తగ్గలేదు గానీ వెనకాల అయిదు మిషన్ల చప్పుడు వినపడుతోంది. "మేడం గారూ, కుట్టు బానే ఉంది గానీ జేబు ఓ అంగుళం లోతు తక్కువైంది. వొంగితే సెల్లు జారి కింద పడతంది. అన్నీ పంపిస్తన్నాను, విప్పేసి మళ్ళీ కుట్టండి. డబ్బులు ఆ తర్వాత చూద్దాం. ఒకటి కుట్టగానే మీ సెల్లు అందులో పెట్టుకుని వొంగి చూసుకోండి. ముందు చూసుకోవాలి గదండీ."

"అలాగే మేడం," అన్నాను.